మూడో బటన్

2004 జూన్ 9, మదనపల్లె

కుప్పం నుంచి కొరియర్‌లో నమూనా సీడీ వచ్చింది. కంప్యూటర్లో ఎక్కించి చూశాను. మెనూలన్నీ తెలుగులో ఉన్నాయి. నేనూ, పుంగనూరు పద్మావతీ ఏడాదికి పైగా కూర్చుని రాసిన మాటలే. ఒక్కటీ మారలేదు. 'చెత్తబుట్ట' ఉంది. 'వెనక్కి పో' ఉంది. 'దాచిపెట్టు' ఉంది. అది పద్మావతి మాట. నేను 'భద్రపరచు' అని రాస్తే, "బ్యాంకు బోర్డు మాదిరి ఉండాదన్నా" అని కొట్టేసింది.

'గురించి' అన్నచోట నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంది.

అనువాదం: లక్ష్మీపతి, కుప్పం.

కిందికి జరిపాను. ఇంకేమీ లేదు.

ఎక్కడెక్కడి దేశాలవాళ్లో రాసి ఊరికే ఇచ్చే డెస్క్‌టాప్ ఇది. ఇందులో పని చేసేవాడికి జీతం లేదు, బత్తెం లేదు. ఆనవాయితీ ఒక్కటే ఉంది, చేసినవాడి పేరు చెప్పడం.

జూన్ 10

ఇది నా పేరు కోసం కాదు. ఇరవై రెండేళ్లుగా పేపరుకు రాస్తున్నాను. 'మదనపల్లె విలేకరి' అని తప్ప పేరు వేయలేదు. దానికే నేను ఎప్పుడూ బాధపడలేదు.

పద్మావతి పేరు కోసం.

జూన్ 13

కుప్పం వెళ్లివచ్చాను. లక్ష్మీపతి మా తెలుగు జట్టుకు సమన్వయకర్త. మేము మాటలు రాసిన ఫైళ్లు ఆయనకు పంపాలి. వాటిని అసలు ప్రోగ్రాంలో చేర్చే పాస్‌వర్డు ఆయన ఒక్కడి దగ్గరే ఉంటుంది. ఆయన నడిపే సొసైటీ ఆఫీసులో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు.

"మా పేర్లు ఎందుకు లేవు సార్?"

"కమ్యూనిటీ పనిలో 'నేను' అనేది ఉండకూడదు గంగాధరం గారూ. ఇది సమష్టి కృషి."

"మీ పేరు ఉంది కదా."

"అది పేరు కాదండీ, బాధ్యత. రేపు ఏదైనా తప్పు దొరికితే అడగడానికి ఒక మనిషి ఉండాలి కదా."

ఆయన మొహంలో తడబాటు లేదు. ఆ మాటను ఆయన నిజంగా నమ్ముతున్నట్టే ఉన్నాడు. తిరిగి వచ్చే బస్సులో, పలమనేరు దాటకముందే, ఆ చివరి వాక్యాన్ని అక్షరం తప్పకుండా రాసుకున్నాను. తప్పు దొరికితే అడగడానికి ఒక మనిషి ఉండాలి.

జూన్ 14

పద్మావతికి ఫోన్ చేసి చెప్పాను. పుంగనూరులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. దాంతోపాటు అక్కడి పశుపోషకుల సంఘంలో కంప్యూటర్ పని కూడా చూస్తుంది.

"పోనీలే అన్నా. పేరు లేకపోతే మాట సెడిపోతాదా? నా పేరు ఆడ ఏసినా మా అత్త సదువుతాదా ఏమి?"

నవ్వింది. లోపల బాధపడే ఉంటుంది. బయటికి చెప్పదు.

జూన్ 20

టమోటా మార్కెట్లో ధరలు తీసుకుని మునెప్ప మండీ దగ్గర టీ తాగాను. మాటల్లో పెయింటు గుర్తుల సంగతి వచ్చింది. మండీలో ఎవరి క్రేట్ల మీద వాళ్ల గుర్తు ఉంటుంది. ఒకాయన మునెప్ప క్రేట్లు ఎత్తుకుపోయి, గుర్తు చెరిపి తన గుర్తు వేసుకున్నాడట.

"నువ్వేం చేసినావు మునెప్పా?"

"నేనేం సేస్తానప్పా, అమాయకుణ్ని. ఆ క్రేట్లే తిరిగి నా మండీకి వస్తే, అడుగున కుళ్లినవి పోసి, పైన నాలుగు మంచివి పరిసి, మద్రాసు లోడుకు ఎత్తించినా. గుర్తు వానిదే గదా! తిట్లు యాడికి పోతాయి?"

చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు. నేనూ నవ్వాను.

జూలై 18

లక్ష్మీపతి నుంచి మెయిల్. ఉత్తరాలు, అర్జీలు రాసుకునే ప్రోగ్రాం తెలుగు చేయాలి. "మీరిద్దరూ చేసి పంపండి. నేను క్షుణ్ణంగా సరిచూసి చేరుస్తాను."

క్షుణ్ణంగా. నిర్ధారించుకోవాలి.

జూలై 30

నిర్ధారణ అయింది. గడియారం ప్రోగ్రాంలో ఎవరూ తెరవని ఒక సహాయం పేజీలో 'ఇప్పుడు మునెప్పతో టీ తాగే సమయం' అని రాసి పంపాను. అలాగే చేర్చేశాడు. ఇంకోటి పంపాను. అదీ చేర్చేశాడు.

మా ఫైళ్లలో ఆయన మారుస్తున్నది ఒక్క వరుసే, పేర్లుండే వరుస.

ఆగస్టు 8

జయమ్మ కాఫీ ఇస్తూ అంది. "ఆ పెట్టె ముందర కూర్చున్నప్పుడు నీ మొగం ఎట్లుంటాదో తెలుసునా? పంచాయతీలో ఓడిపోయినోని మొగం మాదిరి."

"పని ఉంది."

"ఆయప్ప పేరు తీసేస్తే నీ పేరు వస్తాదా?"

పెళ్లయినప్పటి నుంచీ ఈమె ఇంతే. అడగాల్సింది ఒకటి, అడిగేది ఇంకొకటి.

ఆగస్టు 22

పద్మావతి అర్జీల ప్రోగ్రాం ఫైలంతా సరిచూసి పంపింది. తప్పుల్లేవు. ఆమె చూసింది కాబట్టి ఉండవు.

కొత్తగా రాసింది దాచకుండా ప్రోగ్రాం మూయబోతే తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. కింద మూడు బటన్లు. మొదటి దాని మీద 'దాచకుండా మూసేయి'. రెండో దాని మీద 'ఆగు'. మూడో దాని మీద 'దాచిపెట్టు'.

మొదటి దాని మాట మూడో దానికి, మూడో దాని మాట మొదటి దానికి పెట్టాను. బటన్లు చేసే పని మారదు. వాటి మీది మాటే మారుతుంది. 'దాచిపెట్టు' అని చదివి నొక్కినవాడు రాసిందంతా పోగొట్టుకుంటాడు.

కుప్పంలో విడుదల సభ పెడుతున్నారు. పెద్ద తెర, అధికారులు, పత్రికలవాళ్లు. అందరి ముందు లక్ష్మీపతి ఒక అర్జీ రాసి, దాచిపెట్టి, మళ్లీ తెరిచి చూపిస్తాడట. తెరిస్తే ఖాళీ కాగితం వస్తుంది. నేను ముందు వరుసలో కూర్చుని ఉంటాను. అనువాదం ఎవరిదని అడుగుతాను. సీడీలు ఆ రోజే వెనక్కి తీసుకుంటారు. ఎవరికీ నష్టం లేదు.

ఇది పద్మావతి పేరు కోసం.

సెప్టెంబరు 5

చేర్చేశాడు. అనువాదం: లక్ష్మీపతి, కుప్పం.

సెప్టెంబరు 6

ఈ మధ్య ఇంత హాయిగా నిద్రపోయింది లేదు.

అక్టోబరు 17, కుప్పం

హాలు నిండిపోయింది. లక్ష్మీపతి పట్టు పంచె కట్టుకొచ్చాడు. తెలుగు భాషకు ఇదొక మహోజ్జ్వల ఘట్టం అన్నాడు. నేను రాసుకోలేదు.

మైకు పక్కన కూర్చుని 'మా ఊరికి బోరు వేయించగలరు' అని ఒక అర్జీ టైపు చేశాడు. మూయబోయాడు. ప్రశ్న వచ్చింది. మనిషంత ఎత్తున తెర మీద మూడు బటన్లు వచ్చాయి. మొదటి దాని మీద 'దాచిపెట్టు' అని నా కళ్లతో చదివాను. పెన్ను మూత తీశాను.

లక్ష్మీపతి మౌసు ముట్టుకోలేదు. తెర వైపు చూడనైనా లేదు. సభ వైపు చూస్తూ ఎంటర్ కొట్టాడు. ఎంటర్ కొడితే మూడో బటన్ పడుతుంది. ఇంగ్లీషులో పదేళ్లుగా ఆయన కొడుతున్న ఎంటర్ అదే.

అర్జీ మళ్లీ తెరిచాడు. బోరు ఉంది, ఊరు ఉంది, ఇట్లు అని సంతకం కూడా ఉంది. చప్పట్లు.

తెలుగు డెస్క్‌టాప్ విడుదల చేసిన మనిషి తెలుగు చదవకుండానే దాన్ని నడిపించాడు. ఆ హాల్లో ఆ బటన్ల మీద ఏముందో చదివింది నేనొక్కణ్నే.

తర్వాత ఊరూరి కంప్యూటర్ సెంటర్లవాళ్లను ఒక్కొక్కరినే వేదిక మీదికి పిలిచి సీడీలు పంచారు. పుంగనూరు పిలుపు వచ్చినప్పుడు పద్మావతి ఎక్కింది. సీడీ పైకెత్తి నా వైపు చూపించింది.

అక్టోబరు 18

ఆ సీడీ ఎక్కించొద్దని రేపు పద్మావతికి ఫోన్ చేయాలి.

అక్టోబరు 19

టమోటా ధర పడిపోయింది. పెద్దమండ్యం, పెద్దతిప్పసముద్రం రైతులు పండ్లు రోడ్డు మీద పోసి కూర్చున్నారు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాను. వార్త బాగా వచ్చింది.

అక్టోబరు 23

ఫోన్ చేశాను. ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరో ఎత్తారు. పద్మావతి ఊళ్ల మీద తిరుగుతోందట, పొట్టి ఆవుల సర్వే పనిలో. వచ్చాక చేయమని చెప్పలేదు.

అక్టోబరు 24

చెబితే ఎందుకని అడుగుతుంది.

నవంబరు 21

పద్మావతే ఫోన్ చేసింది.

"అన్నా, సర్వే అంతా పోయిందన్నా. ఒక్క ఊరిది కూడా లేదు."

ఎట్లా పోయిందని అడిగాను.

పుంగనూరు పొట్టి ఆవులు ఎవరింట్లో ఉన్నాయి, ఏది ఏ ఆవు సంతతి అని ఊరూరా అడిగి రాసుకొచ్చింది. ఊరికొక ఫైలు ముందే చేసి పెట్టుకుంది. తిరిగొచ్చిన రోజు ఆ ఊరి ఫైలు తెరిచి, చీటీల్లో ఉన్నదంతా ఎక్కించి, మూసేది. మూసేటప్పుడు ప్రశ్న వచ్చేది. అంతా అయ్యాక అచ్చు తీద్దామని తెరిస్తే అన్నీ ఖాళీ.

"చీటీలు?"

"ఎక్కించినాంక పొయ్యిలో ఏసేస్తి. కంప్యూటర్లో ఉండాది గదా అనుకుంటి. ప్రతి తూరీ సదివే నొక్కినానన్నా. దాచిపెట్టు అని సదివి నొక్కినా. మన మాటే గదా."

మధ్యలో దాచే అలవాటు లేదు ఆమెకు. టైపు మిషన్ దగ్గర పెరిగిన చెయ్యి. కాగితం నిండాకే బయటికి తీస్తుంది.

నవంబరు 22

సంఘం అధ్యక్షుడు నారాయణప్ప ఫోన్. "గంగాధరప్పా, ఒక ఐటం ఎయ్యాల నువ్వు. ఆయమ్మ నిర్లక్ష్యంతో సర్వే నాశనమైందని. రేపు పైవాళ్లు వస్తే నేనేం సెప్పేది? మిషన్ అబద్ధం సెప్పదు. ఆయమ్మే యాడో తప్పు నొక్కింటాది."

"విచారించి రాస్తాను."

"ఇంక ఇచారణేంది? పనిలోంచి తీసేస్తి. నువ్వు ఎయ్యకపోతే ఇంకో పేపరాయన ఏస్తాడు. నీకు సెప్పడం మర్యాద కాబట్టి ముందు సెప్తాండా."

కుళ్లిన పండ్లు మద్రాసులో ఎవరు కొన్నారని ఆ రోజు మునెప్పను అడగలేదు. విలేకరిగా అడగాల్సిన ప్రశ్న.

నవంబరు 23

వేరే వార్త రాశాను. కుప్పం సీడీలో లోపం ఉంది. దాచిపెట్టు బటన్ నొక్కితే రాసింది పోతోంది. పుంగనూరులో విలువైన పశు సర్వే నాశనమైంది. సీడీలో అనువాదం లక్ష్మీపతిది అని ఉంది. ప్రతి వాక్యమూ నిజం. పద్మావతి బయటపడుతుంది, ఆయన మునుగుతాడు. మొదట అనుకున్న దానికంటే ఇదే గట్టిది. హాల్లో నవ్వులపాలైతే నాలుగు రోజులు చెప్పుకుంటారు. అచ్చయితే ఉండిపోతుంది.

అవతలివాళ్ల వివరణ లేకుండా వార్త పంపే అలవాటు లేదు. కుప్పం ఫోన్ చేశాను. లోపం చెప్పాను. కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన సభల తెలుగు పోయింది.

"ఏందప్పా ఇది? మూడోదానిది మొదటిదానికుండాది!"

"అనువాదం మీది అని ఉంది. మీ వివరణ కావాలి."

"నాది యాడిదప్పా? ఆ ఫైలంతా నీ పనే గదా! మొదటి అక్షరం నుంచి కడాకు నువ్వు సేసిందే. నేను ఒక్క మాట ముట్టుకోలా. ఈ మాట యాడ సెప్పమన్నా సెప్తా. నువ్వు సేసిందే!"

జూన్ నుంచి నేను వినాలనుకున్న మాట. కోట్ గుర్తుల మధ్య రాసుకున్నాను. చెయ్యి బాగానే ఆడింది.

ఆ కోట్ వాడితే వార్త నా మీదికి వస్తుంది. వాడకపోతే అది వార్త కాదు.

పంపలేదు.

నవంబరు 25, పుంగనూరు

ముందు పద్మావతి మీద మాట పోవాలి. సంఘం ఆఫీసులో నారాయణప్పను ఆ కంప్యూటర్ ముందే కూర్చోబెట్టాను. ఆయన పేరు ఆయనతోనే టైపు చేయించాను. మూయమన్నాను. ప్రశ్న వచ్చింది.

"సదువప్పా. ఏది నొక్కాల?" అన్నాను.

"దాచిపెట్టు." నొక్కాడు. మళ్లీ తెరిచాను. పేరు లేదు.

"దీనెమ్మ! నన్నే మింగేసింది గదప్పా!" వెనక్కి జరిగాడు. పద్మావతి వైపు తిరిగి, "అయితే అమ్మాయిది తప్పు లేదు. ఉండుమ్మా, నువ్వు పనిలోనే ఉండు," అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు. "ఎవురు సేసినారప్పా ఈ పని?"

"కుప్పంలో," అన్నాను.

"ఆ పంచె కట్టినాయనా? సూడు, మొగం సూస్తే పెద్దమనిషి!"

పద్మావతి తెర వైపే చూస్తోంది. బస్టాండు దాకా నాతో నడిచింది. సోడా బండి దగ్గర ఆగింది.

"అన్నా, నేను సరి సూసినప్పుడు ఆ బటన్లు సరిగ్గానే ఉన్నె."

"ఊఁ."

"నా తరువాత నువ్వు సూసినావు. నీ తరువాత ఆయన. ఆయన మనవి ఏవీ సదవడని నువ్వే సెప్తివి. మునెప్ప టీ సంగతి సెప్పి నవ్వితివి."

బస్సు వచ్చి ఆగింది. ఎక్కలేదు.

"ఆయనకని చేసింది," అన్నాను. "నీకు తగులుతుందని అనుకోలేదు. ఆయన మన పేర్లు తీసేశాడు. నీ పేరు కోసమే..."

"నేను అడిగినానా?"

సోడా ఆమె ముందుకు జరిపాను.

"నా పేరు సెప్పొద్దన్నా దీనికి. ఊళ్లు మళ్లీ తిరుగుతా, అది నాకు లెక్క లేదు. నల్లప్ప తాత సెప్పిండేది ఎవురు సెప్తారు? ఏ ఆవు ఏ ఆవు కడుపున పుట్టిందో ఆయన సెప్తా ఉంటే రెండు దినాలు రాసుకుంటి. ఆయన పోయి పదునైదు దినాలాయ. ఆ యాలె ఒగ ఫోను సేసింటే నేను ఆ సీడీ ఎక్కిస్తానా?"

"చేశాను. నువ్వు లేవు."

"మళ్లీ?"

కండక్టరు రైట్ రైట్ అన్నాడు. ఆమె సోడా తాగకుండానే వెళ్లిపోయింది.

నవంబరు 26

ఇంతా చేసి లక్ష్మీపతికి చీమ కుట్టినట్టు కూడా లేదు. అది నిజం.

డిసెంబరు 2

పద్మావతి జట్టులో అందరికీ మెయిల్ రాసింది. బటన్ల మాటలు తారుమారైన సంగతి, ఏ ఫైలులో, ఏ వరుసల్లో, తాను సరిచూసి ఎప్పుడు పంపింది, ఆ తర్వాత ఎవరి చేతికి వెళ్లింది, దానివల్ల ఏమి పోయింది. మార్చినది గంగాధరం అని, ఆయనే తనతో ఒప్పుకున్నారని రాసింది. కింద సరిచేసిన ఫైలు జత చేసింది. ఏడాదికి పైగా తాను చేసిన ఫైళ్లు ఏవేవో కూడా రాసి, వాటికి పేరు ఎందుకు లేదని లక్ష్మీపతిని అందరి ముందూ అడిగింది.

తప్పు దొరుకుతుందేమోనని రెండుసార్లు చదివాను. విశేషణం ఒక్కటి లేదు. నాకు నచ్చే పద్ధతే.

డిసెంబరు 4

ఎక్కడెక్కడివాళ్లో జవాబులు రాస్తున్నారు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పమని లక్ష్మీపతిని నిలదీస్తున్నారు. ఆయన పాస్‌వర్డు ఇంకొకరికి కూడా ఇవ్వాలంటున్నారు. పద్మావతికి ఇవ్వాలని ముగ్గురు.

నేను ఆరు నెలల్లో చేయలేనిది ఆమె ఒక్క మెయిల్‌తో చేసింది. నన్ను కూడా కలిపి.

డిసెంబరు 19

కొత్త సీడీ వచ్చింది. ఎక్కించాను. మూడో బటన్ మీద 'దాచిపెట్టు' ఉంది. నొక్కి చూశాను, దాచింది. 'గురించి' తెరిచాను.

అనువాదం: పద్మావతి, పుంగనూరు.
సమన్వయం: లక్ష్మీపతి, కుప్పం.
మూసేటప్పటి ప్రశ్నలో బటన్ల మాటలు తారుమారు చేసినది: గంగాధరం, మదనపల్లె.
సరిదిద్దినది: పద్మావతి, పుంగనూరు.

మూడో వరుస లక్ష్మీపతి పని. వాక్యం చూస్తేనే తెలుస్తుంది. ఇన్నాళ్లకు నా పేరు వేశాడు. నేను చేసిన మిగతా మాటలన్నీ ఇప్పుడు పద్మావతి పేరు కింద ఉన్నాయి. అడిగి దిద్దించుకోవచ్చు. దానికి మళ్లీ అదే జట్టుకు రాయాలి.

పేరు సరిగ్గా ఉంది. ఊరు సరిగ్గా ఉంది. చేసిన పనీ సరిగ్గానే ఉంది. సవరణ వేయించడానికి ఏమీ లేదు.

ఇది పద్మావతి పేరు కోసం అని జూన్‌లో రాసుకున్నాను. ఆమె పేరు వచ్చింది.

జయమ్మ కూరగాయల సంచి దించి, నా భుజం మీదుగా తొంగి చూసింది.

"సీడీ మళ్లీ వచ్చిందే. ఈ తూరన్నా నీ పేరు ఏసినారా?"

"వేశారు."

"యాడ? ఉండు, ఉండు, మూయొద్దు." అద్దాలు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

అంతా తెలుగులోనే ఉంది.